నిప్పు తెలియని పాదాలు

కుళ్ళాయప్ప మొహం కడుక్కునేటప్పుడు పడేవాడు.

ఇది విని మొదట నవ్వినవాళ్ళలో నేనూ ఉన్నాను. గట్టు దిగేటప్పుడు పడ్డారంటే అర్థముంది, రాయి తగిలి పడ్డారంటే అర్థముంది. ఇంటి ముందరి బండ మీద నిలబడి, సబ్బు రుద్దుకొని కళ్ళు మూసుకుంటే ఎవరైనా పడతారా? ఆయన పడేవాడు. పక్కకు ఒరిగి, గోడ అందితే గోడ మీదికి, అందకపోతే నేల మీదికి. ఆ దారిన పోయేవాళ్ళు ఊరుకుంటారా? పొద్దున్నే ఏసుకున్నావా మామా అని ఎగతాళి. ఆయనేమో పుట్టినప్పటి నుంచి చుక్క ముట్టిన మనిషి కాదు.

మా ఊరు బెళుగుప్పకు పడమర. వాన కోసం మెడలు నొప్పి పుట్టేదాకా ఆకాశం చూసే ఊరు. కుళ్ళాయప్పకు సొంత భూమి అంటూ గట్టిగా ఏమీ లేదు. విత్తనం వేసే గొర్రును కూలికి తోలేవాడు. చెనిక్కాయ విత్తే రోజుల్లో ఆయన కోసం రైతులు ముందే వచ్చి చెప్పిపెట్టుకునేవాళ్ళట. ఆయన తోలిన సాలు చేను ఈ కొస నుంచి ఆ కొసకు దారం లాగినట్టు పోయేది. చెప్పుల్లేని కాళ్ళతో, కంపలూ మోళ్ళూ రాళ్ళూ అన్నీ తొక్కిన కాళ్ళతో, ఎద్దుల వెనక అట్లా నడిచి నడిచి ముసలివాడయ్యాడు.

ఆ పేరు మొక్కుబడి పేరు. పిల్లలు పుట్టి నిలవకపోతే వాళ్ళమ్మ కుళ్ళాయిస్వామికి మొక్కుకుందట, ఈయన నిలిచాడట. అందుకే వయసొచ్చినప్పటి నుంచి పీర్ల పండగలో స్వామిని ఎత్తుకునే పని ఈయనదే. మా ఊళ్ళో ఆ పండగకు కులమూ మతమూ అడిగేవాళ్ళు లేరు. పొడవాటి కర్ర కొసన వెండి హస్తం, దానికి పట్టుగుడ్డలు, పూలదండలు. అదే పీరు, అదే స్వామి. పీర్లను నిలిపే చావిడి ముందర గుండం తవ్వి తుమ్మమొద్దులు కాలుస్తారు. కడపటి రోజు ఆ నిప్పుల మీదుగా స్వామిని ఎత్తుకొని దాటాలి.

"మొదట్లో కాలుతాండెనప్పా, నేనెందుకు అబద్ధం చెప్పల్ల," అంటాడు ఆయనే. "మంట నెత్తికెక్కేది. పండ్లు బిగబట్టుకొని దాటేటోన్ని."

అట్లా ఎన్నో ఏళ్ళు మంట ఓర్చుకున్న మనిషికి, ఒక ఏడు ఏమీ తెలియలేదు. నిప్పుల్లో కాలు పెట్టాడు, దాటాడు, అవతల నిలబడ్డాడు. వాన పడ్డాక చేన్లో ఇసక తొక్కినట్టు ఉండిందట. పక్కనే నడుము పట్టుకొని నడిపించే చిన్ననాటి స్నేహితుడు తిప్పయ్యతో, తెలీలేదురా, ఏమీ తెలీలేదు అని చెప్పి అక్కడికక్కడే ఏడ్చాడట. తిప్పయ్య చావిడి చూసుకునే మనిషి. అతని నోట్లో మాట దాగదు. పొద్దు నెత్తికెక్కేలోగా ఊరంతటికీ తెలిసిపోయింది. స్వామి మెచ్చినాడు, కుళ్ళాయప్ప కాళ్ళు నిప్పుకు కాలలేదు.

అప్పటి నుంచి ఆయన బతుకు మారింది. డబ్బు రాలేదు, భూమి రాలేదు. మర్యాద వచ్చింది. ఊళ్ళో పెద్ద రైతు నారాయణ ఇంటి ముంగిట్లో అంతవరకు నేల మీద గొంతుక్కూర్చున్న మనిషికి కుర్చీ వేశారు. బాలింతలు పసిపిల్లల్ని తెచ్చి ఆయన పాదాల మీద పడుకోబెట్టేవాళ్ళు. అంత వయసు మనిషిని ఇంక గొర్రు తోలమని ఎవరూ అడగలేదు. స్వామి మెచ్చినవాడితో కూలి చేయించేది ఎట్లా? ఆయన కూడా ఆ కుర్చీలో కుదురుకున్నాడు.

కొన్ని వింతలు మాత్రం జరిగేవి. నడుస్తూ నడుస్తూ ఉంటే ఒక చెప్పు వెనక ఉండిపోయేది. ఆయన చాలా దూరం పోయాక ఎవరో పిలిచి చెబితే గాని తెలిసేది కాదు. ఒకసారి అట్లా చావిడి ముందరే జారింది. స్వామి ముందర చెప్పు తనంతట తానే విడిచింది చూడండి అని మొక్కారు జనం. నా ముందరే మొక్కారు.

పడటం పెరిగింది ఈ నాలుగైదేళ్ళలో. మొహం కడుక్కుంటూ, చీకట్లో వాకిలి దాటుతూ, దున్నిన చేన్లో మట్టిగడ్డల మధ్య. చూసినవాళ్ళతో కాలు జారిందనేవాడు, మాటిమాటికీ పడుతున్నట్టు ఎవరికీ చెప్పేవాడు కాదు. స్వామిని ఎత్తుకునేవాడు పడతాడని తెలిస్తే ఆ ఏడు పీరు చేతికిస్తారా? ఆయన భయమంతా అదే. నొప్పికి కాదు, పీరు పోతుందని.

నిరుటి పండగకు నెల ముందర నారాయణ ముంగిట్లో గుండానికి కట్టెలు ఎవరివి, సన్నాయి ఎవరు అని మాటలు నడుస్తున్నాయి. కుళ్ళాయప్ప చాలాసేపు కుర్చీలో కూర్చున్నాడు. పొద్దున్నే బీపీ మాత్ర మింగి, ఏమీ తినకుండా వచ్చాడు. ఎవరో పిలిచారని చటుక్కున లేచాడు. కళ్ళు బైర్లు కమ్మాయి. ముందుకు కూలి, అరుగు అంచు తగిలి కనుబొమ మీద చీలింది.

ఎవరూ లేపలేదు. ఊగి పడ్డాడు గదా, స్వామి ఒంటి మీదికి వచ్చాడనుకున్నారు. ఒకరు పసుపునీళ్ళు తెచ్చారు, ఒకరు సాంబ్రాణి వేశారు, మిగతావాళ్ళు చేతులు జోడించి ఏం చెబుతాడా అని చూస్తూ నిలబడ్డారు. ఆయన నేల మీద పడి, రక్తం కంట్లోకి కారుతుంటే, లేపండప్పా అని సన్నగా అంటున్నాడు. ఆ మాటనే స్వామి వాక్కు అనుకున్నారు. ఎవరో పరుగెత్తిపోయి నల్లమ్మకు చెబితే, ఆమె వచ్చి జనాన్ని తిట్టి, టవలు చుట్టి, ఊళ్ళోనే ఉన్న క్లినిక్‌కు నడిపించుకుపోయింది. నల్లమ్మ ఆయన భార్య. మాట తక్కువ, అడుగు వేగం.

క్లినిక్‌లో ఎలిజబెత్ అని నర్సు. గుమ్మఘట్ట ఊరి పిల్ల. గాయం కడిగి కట్టు కట్టింది, బీపీ చూసింది, వేలి మీద సూది గుచ్చి షుగర్ చూసింది. అంకె రాసుకుంది. ఇంతకు ముందు ఎప్పుడైనా పడ్డావా తాతా అని అడిగింది. లేదన్నాడు. వాకిట్లో నుంచి నల్లమ్మ, మొకం కడిగినప్పుడల్లా పడతాడమ్మా అంది. ఆయన భార్య వైపు చూసిన చూపుకు ఇంకొకరైతే బయటికి పోయేవాళ్ళు. ఆమె పోలేదు.

అప్పుడు ఎలిజబెత్ ఆయన్ని కుర్చీలో నుంచి చేతులు ఆనించకుండా లేవమంది. లేవలేకపోయాడు. తొడల్లో సత్తువ పోయింది తాతా, గొర్రు తోలే రోజుల్లో ఉండింది ఈ కుర్చీల్లో పోయింది అని నవ్వింది. కుడికంటిలో పొర ఉందని చూపించింది. బీపీ మాత్ర తప్పులేదు గాని పరగడుపున మింగి చటుక్కున లేస్తే రక్తం తలకు అందదంది. ఎన్నడో ఒక క్యాంపులో షుగరుందని చెప్పి మాత్రలిచ్చారు గదా, అవేమయ్యాయని అడిగింది. అయిపోయేదాకా మింగాడట. నొప్పి లేదు, నోరు చేదు లేదు, ఇదేం జబ్బులే అని మానేశాడట.

తరువాత పాదాలు దగ్గర పెట్టి నిలబడి కళ్ళు మూసుకోమంది. కళ్ళు మూయగానే ఆయన గాలికి జొన్నదంటు ఊగినట్టు ఊగాడు. ఆమె భుజం పట్టుకుంది.

"కండ్లు తెరిచినంతసేపు కండ్లే నిన్ను నిలబెడతాండాయి తాతా. మూస్తే కింద నేల ఉండేది నీ కాళ్ళకు తెలీడం లేదు. సబ్బు పూసుకున్నప్పుడు పడేది అందుకే."

పరుపు మీద పడుకోబెట్టి, ఒక పుల్లకు బిగించిన సన్నటి నైలాను దారం తీసింది. కళ్ళు మూసుకో, పాదం మీద అక్కడక్కడ ఒత్తుతా, ఒత్తినప్పుడల్లా ఆ అనమని చెప్పింది. కుళ్ళాయప్ప కళ్ళు మూసుకున్నాడు. బయట మేక అరుస్తోంది. ఫ్యాను కిరకిరమంటోంది. ఆయన చెవులు రిక్కించి, ఒళ్ళంతా బిగబట్టి ఎదురు చూశాడు.

"మొదలుపెట్టు పాపా," అన్నాడు చివరికి.

కళ్ళు తెరిచి చూస్తే ఆమె దారాన్ని డబ్బాలో పెడుతోంది.

"అయిపాయ తాతా. రెండు కాళ్ళూ అయిపోయినాయి."

ఈ మాట నాకు చెప్పేటప్పుడు కుళ్ళాయప్ప ఇప్పటికీ ఆగిపోతాడు. కాసేపు తన పాదాల వైపు, ఎవరో పరాయి మనుషుల వైపు చూసినట్టు చూస్తాడు.

ఇది ఒకనాటితో వచ్చేది కాదనీ, షుగర్ ఏళ్ళ తరబడి నరాలను కొరుక్కుంటూ పోతుందనీ, అరికాళ్ళ నుంచి మొదలవుతుందనీ ఆమె చెప్పింది. ఆయన వింటూ ఉన్నాడు. ఆమె ముగించాక అడిగాడు.

"నిప్పు తొక్కినా తెలీదా?"

ఆ ఊళ్ళో పనిచేస్తూ ఆయన సంగతి విననిది కాదు ఎలిజబెత్. కాళ్ళ వైపు చూస్తూ, తెలీదు తాతా అంది.

"నువ్వు చర్చికి పోయే పిల్లవి. మా స్వామి నీకు లెక్కలేదు. అందుకే అట్లంటాండావు."

ఆమె కోపం తెచ్చుకోలేదు. "మా నాయన కాళ్ళు గూడా ఇట్లే పోయినాయి. బొటనవేలు ఎలుక కొరికితే లేచినోడు కాదు. తెల్లారి దుప్పటికి రక్తం చూసి మేము కనుక్కున్న్యాం. ఆయన మీదికి ఏ దేవుడూ రాలే తాతా. షుగరే వచ్చింది."

తరువాత అరికాలు పైకి తిప్పి చూసింది. ఇవి కాలిన మచ్చలే, ఒక ఏటివి కావు అంది తనలో తాను అనుకున్నట్టు. కుళ్ళాయప్ప తల తిప్పి వాకిలి వైపు చూశాడు. నల్లమ్మ మొహం బయటికి తిప్పుకొని నిలబడింది.

మా వైపు ఒక పద్ధతి ఉంది. గుండం దాటినవాడి పాదాలను భార్య పసుపునీళ్ళతో కడిగి, ఆముదం పూసి, తెల్లగుడ్డ చుడుతుంది. మూడో నాటి దాకా విప్పకూడదు. అప్పుడు కూడా ఆమే విప్పాలి. ఇన్నేళ్ళూ నల్లమ్మే కడిగింది, పూసింది, చుట్టింది. మోకాళ్ళు వంగక, కంటికి పొర కమ్మి, కుళ్ళాయప్ప తన అరికాళ్ళు తాను చూసుకొని ఎంత కాలమైందో.

ఇంటికి వచ్చి ఆయన మంచం మీద కూర్చున్నాడు. నల్లమ్మ చేట తీసుకొని రాగులు చెరగడం మొదలుపెట్టింది.

"ఆముదం పూసేటప్పుడు ఏం చూస్తాంటివే?"

"ఏముంటాది చూసేకి. కాళ్ళు."

"కాళ్ళకేముండె?"

చేట కింద పెట్టింది. "బొబ్బలుండె," అంది. "పతి యేడూ ఉండె."

మాట తక్కువ మనిషి ఒకసారి మొదలుపెడితే అన్నీ చెబుతుంది. నల్లమ్మ అన్నీ చెప్పింది. ఆ మొదటి ఏడే చెబుదామని నోరు తెరిచిందట. అప్పటికే టెంకాయలు పట్టుకొని వీధి వీధంతా వాకిట్లో ఉంది. నారాయణ భార్య బయమ్మ, మా వీధి మొహం ఎన్నడూ చూడని మనిషి, పళ్ళెంలో పట్టుపంచె పెట్టుకొని వచ్చి గడప దగ్గర నిలబడింది.

"ఆయమ్మ మన గడప తొక్కిన దినం నేను బొబ్బలు చూపియ్యల్లనా?" అంది నల్లమ్మ. "నొప్పి లేదంటివి నువ్వు. నొప్పి లేకుండా బొబ్బ లేస్తే అది గూడా స్వామి మహిమే అనుకొంటి."

"ముల్లు దిగినాదని నాకు చెప్పి, పుండు మానక దసరా దాకా మంచం మీద పెట్టినావే, ఆ యేడు? నిష్ఠలో ఉండాడని ఊరికి చెప్తివే?"

ఆమె చేట మళ్ళీ ఒళ్ళోకి తీసుకుంది. రాగుల్లో రాళ్ళు ఏరుతూ కూర్చుంది.

"ఊరు నమ్మితే నమ్మనీ," అన్నాడు కుళ్ళాయప్ప. "నేను నమ్మింటి కదే."

ఆ తరువాత ఆ ఇంట్లో మాటలు ఆగిపోయాయి. అన్నం పెడితే తినేవాడు. మాత్రలు ఇస్తే మింగేవాడు. అంతే.

కొన్ని రోజులకు, చావిడిలో తిప్పయ్య వెండి హస్తాన్ని చింతపండుతో తోముతున్నాడు, నేనూ అక్కడే ఉన్నాను. కుళ్ళాయప్ప కట్టె ఊతంతో వచ్చి, ఈ యేడు నేను ఎత్తను అని చెప్పాడు. తిప్పయ్య తోమడం ఆపలేదు. గాయం మానేదానికి ఇంకా దినాలుండాయి కదప్పా అన్నాడు. కుళ్ళాయప్ప అంతా చెప్పాడు, దారం సంగతీ, బొబ్బల సంగతీ. తిప్పయ్య విని, చుట్టూ చూసి, గొంతు తగ్గించాడు. ఈ మాట ఇక్కడే ఉండనీ, ఊరికి ఎందుకు అన్నాడు. నిప్పు తెలీకుండా పోయేది గూడా స్వామి ఇచ్చిందే అనుకోరాదా అన్నాడు.

"ఇచ్చినోడు జబ్బని చెప్పి ఇయ్యల్ల. నేను వరమనుకొంటి."

"అట్లనాకప్పా. స్వామికి కోపమొస్తాది."

"ఆయనకెందుకొస్తాది కోపం?" అన్నాడు కుళ్ళాయప్ప. "నాకొచ్చినాది."

వెండి హస్తం వైపు చూడనైనా చూడకుండా వెళ్ళిపోయాడు. చావిడి మెట్టు దగ్గర మాత్రం ఆగి, ముందు కట్టె, తరువాత కాలు, అని నర్సు చెప్పిన వరస ప్రకారం దిగాడు. ఎన్నో ఏళ్ళు స్వామిని భుజాన వేసుకొని ఒక్క దూకులో దిగిన మెట్టు అది.

పీరు ఆయన చెల్లెలి కొడుకు వీరేష్‌కు ఇచ్చారు. ట్రాక్టరు తోలే పిల్లవాడు, మంచి కండ ఉన్నవాడు. కడపటి రోజు గుండం దగ్గర కుళ్ళాయప్పకు అలవాటు ప్రకారం కుర్చీ వేశారు. వచ్చాడు, కూర్చున్నాడు. రాకపోతే కదా లోకం ఇంకొకటి అనుకునేది.

సన్నాయి, తప్పెట్లు, సాంబ్రాణి పొగ. వీరేష్ స్వామిని ఎత్తుకొని నిప్పుల్లోకి దిగాడు. సగం దాటేసరికి మొహం వంకర పోయింది. చివరి అడుగులు దాదాపు పరుగే. అవతల చేరి పీరును తిప్పయ్య చేతికి ఇచ్చి, ఒంటికాలి మీద నిలబడి బుసలు కొట్టాడు. జనంలో గొణుగుడు మొదలైంది. కుళ్ళాయప్ప పోతే పూల మీద పోయినట్లుండె, ఈనికి ఇంకా స్వామి కుదరలేదు అని.

కుళ్ళాయప్ప లేచాడు. లేచి, కాసేపు ఆగి, కట్టె నాటుకుంటూ పోయి వీరేష్ పక్కన నేల మీద కూర్చున్నాడు.

"కాలినాదారా?"

"కాలకేం మామా. బగ్గుమనె."

వాడి పాదం ఒళ్ళోకి లాక్కుని, బూడిద తుడిచి, ఎర్రబడిన చోట బొటనవేలితో ఒత్తాడు. వీరేష్ కెవ్వుమని కాలు వెనక్కి తీసుకున్నాడు. కుళ్ళాయప్ప ఆ నెలంతటిలో మొదటిసారి నవ్వాడు.

"ఉండాయిరా నీ కాళ్ళు. బాగుండాయి," అన్నాడు. తరువాత చుట్టూ ఉన్నవాళ్ళకు వినబడేలాగే అన్నాడు, "నాకూ కాలినాయి. పతి యేడూ కాలినాయి. జబ్బు చేసి నాకు తెలీలే. అంతే."

విన్నారు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కాలినా తెలీలేదంట, మహిమంటే అదే కదమ్మా అని ఒక ఆవిడ పక్కావిడతో అంది. ఎవరో బాలింత పిల్లను తెచ్చి ఎప్పటిలాగే ఆయన పాదాల దగ్గరికి వంగింది. కుళ్ళాయప్ప కాళ్ళు లోపలికి ముడుచుకున్నాడు. ఆమె ఇంకా ముందుకు జరిపింది. ఆయన పంచె కిందికి లాగి పాదాలు రెండూ కప్పేసుకున్నాడు. అప్పుడు ఆయన మొహం చూసినవాళ్ళకు తెలిసి ఉంటుంది, ఊరు ఆయన్ని గౌరవిస్తోందో, ఆయన మాటను తోసేస్తోందో.

ఇది నిరుటి మాట. ఈ మధ్య కుడికంటికి ఆపరేషన్ అయింది. పొర పోయింది. ఎలిజబెత్ చెప్పిన ప్రకారం రోజూ పొద్దున అద్దంలో అరికాళ్ళు చూసుకోవాలి, పుండుందా, ముల్లుందా అని. గడ్డం గీసుకునే అద్దాన్ని నేల మీద పెట్టి, దాని మీద పాదం ఎత్తి, మెడ వంచి చూసుకుంటాడు. మొహం ఇప్పుడు కూర్చొనే కడుక్కుంటాడు. కుర్చీలో కూర్చొని లేవడం, మళ్ళీ కూర్చోవడం, తొడలకు బలం రావాలని అదొక పని పెట్టుకున్నాడు. పడటం బాగా తగ్గింది.

మొన్న నేను పోయినప్పుడు అద్దంలో చూసుకుంటున్నాడు. మచ్చలన్నీ స్పష్టంగా కనబడుతున్నట్టున్నాయి, ఒక్కొక్కటీ చూస్తున్నాడు. నల్లమ్మ దగ్గరికి వచ్చి, మెడ నొప్పి పుడతాది, నేను చూస్తా తియ్యి అంది.

"నువ్వు చూసింది చాల్లే."

ఆమె కదలలేదు. ఆయన అద్దం పక్కన పెట్టాడు. లేవాలి. నర్సు చెప్పిన వరస ఇప్పుడు ఆయనకు కంఠతా వచ్చు, ముందు కాసేపు కాళ్ళు ఆడించాలి, తరువాత దేన్నైనా పట్టుకోవాలి, లేచి ఆగాలి, ఆ తరువాతే అడుగు. కట్టె దూరంగా గోడకు ఆనించి ఉంది. ఆయన చెయ్యి గాలిలో కాసేపు వెతికి, ఆమె భుజం మీద వాలింది. ఆమె వైపు మాత్రం చూడలేదు.

"కట్టె అనుకుంటాండా నేను," అన్నాడు నాతో.

"కట్టె అయితే ఈ పాటికి పొయిలో పెట్టుకుందువు," అంది నల్లమ్మ. భుజం మాత్రం కదిలించలేదు. ఆయన లేచి, కళ్ళు తేటపడేదాకా అట్లాగే ఆగి, అడుగు వేశాడు.